ఒకటే కుండ

ఉదయం ఆరుంబావుకు హబీబుల్లా మాస్టారు రాజంపేటలోని తన ఇంటి వరండాలో చాపలు పరుస్తుండగా ఓబులేసు వచ్చాడు. పాఠానికి ఇంకా వేళ కాలేదు. రెండేళ్లుగా ఆయన దగ్గర అరబీ నేర్చుకుంటున్నవాడు. చదవడం, రాయడం వచ్చాయి. మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. అరబ్బు రోగులు వచ్చే హైదరాబాదు ఆసుపత్రి ఒకటి దుబాసీ పనికి సోమవారం వచ్చి కనబడమంది. కువైట్‌లో ఉన్న బావేమో కొట్టులో పని చూశాను, టికెట్టు తీయమంటావా వద్దా, సాయంత్రంలోగా చెప్పమన్నాడు.

"అక్కడ నాలుగేళ్లుంటే భాష దానంతటదే వస్తుంది గదా సార్? ఆ దేశం పోకుండా ఎవురికన్నా వచ్చిందా?"

అడిగేశాక, మాస్టారు కూడా ఎన్నడూ సముద్రం దాటినవారు కాదని గుర్తొచ్చి ఓబులేసు తల దించుకున్నాడు.

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు మాస్టారికి లేదు. చెప్పులు తొడుక్కుని, "టీ తాగొద్దాం పా" అన్నారు.

బస్టాండు ఎదుట టీ కొట్టు పెంచలయ్యది. పదహారేళ్లు కువైట్‌లో నీళ్ల ట్యాంకరు తోలి నిరుడే తిరిగొచ్చాడు. మాస్టారు అతణ్ణి అరబీలో క్షేమం అడిగారు. జవాబు వచ్చింది. టీలో ఏమేం వేస్తావని అదే భాషలో అడిగారు. పెంచలయ్య నవ్వేశాడు.

"బాగుండావా, ఆపు, పో, రేపు రా. నాకొచ్చింది అంతే సారూ. ట్యాంకరు తోలేదానికి అంతకన్నా ఏం కావాల?"

అంతలో అతని ఫోను మోగింది. వడగట్టే గుడ్డ చేతిలో ఉండగానే మలయాళంలో అందుకున్నాడు. ఎవరినో తిట్టాడు, వేళాకోళమాడాడు, ఆపైన గొంతు తగ్గించి ఎవరి ఆరోగ్యమో కనుక్కున్నాడు. పాలు పొంగినా చూసుకోలేదు. ఓబులేసు నోరెళ్లబెట్టాడు.

"కేరళలో ఎప్పుడున్నావు మామా?"

"నేను యాడ చూసినానబ్బీ కేరళ? కువైట్‌లో రూముకు ఆరుమందిమి. నేను తప్ప అందరూ కేరళోళ్లే. వంట ఒకటే కుండలో. వాళ్ల మాట రాకుంటే నాకు కూర మిగలదు గదా."

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు, "మీ బావ రూములో ఎవరెవరుంటారు?" అని అడిగారు.

"అంతా మనోళ్లే సార్. రాజంపేటోళ్లే."

మాస్టారు వరండా ఎక్కి మిగిలిన చాపలు పరిచారు.

మరుసటి వారం నుంచి అతని చాప ఖాళీగా ఉంది. కువైట్ పోయుంటాడని తోటివాళ్లు అనుకున్నారు.

కొన్నాళ్లకు ఓబులేసు ఫోను చేశాడు, హైదరాబాదు నుంచి. పనిలో పెట్టుకున్నారు గానీ మొదట్లో సగం మాటలు అందక సిగ్గుపడ్డానన్నాడు. ఆసుపత్రి వెనక వీధిలో, ఒమాన్ రోగుల బంధువులు అద్దెకుండే ఇంట్లోనే తనకూ గది దొరికిందట. వాళ్లలో ఒక ముసలాయన తనను ఒంటరిగా తిననివ్వడం లేదట.

మాస్టారు అరబీ సంగతి అడగలేదు.

"కూర మిగులుతోందా?" అన్నారు.