తీతువు ఊరుకోలేదు

అనగనగా ఖండమంత పెద్ద అడవి ఒకటి ఉండేది. అందులో ఎవరి అరుపు వారిది. పులి కొండ మీద కనిపిస్తే కొండముచ్చు దగ్గేది. పొదల్లో కనిపిస్తే నెమలి కేక వేసేది. ఏటి ఇసుకలో కనిపిస్తే తీతువు పిట్ట అరిచేది. గొంతును బట్టి పులి ఎటుందో దుప్పులకు తెలిసిపోయేది. అవి ఇంకో వైపు పరుగెత్తి బతికేవి.

ఒకనాడు సముద్రం దాటి ఒక చిలుక వచ్చింది. లోకమంతా ఇప్పుడు ఒకే ఈల వేస్తోందని, మీకింకా ఈ మోటు అరుపులేమిటని నవ్వింది. కుర్ర జంతువులు సిగ్గుపడి ఆ ఈల నేర్చుకున్నాయి.

నాలుగు రోజులకే కొంగ జపం ఆపి, ఆ ఈల దేవుడిచ్చిందని, తీతువు అరుపు అపశకునమని చెప్పింది. అడవిదున్న అయితే ఆ ఈల మన తాతలదేనంది! తీతువు తాతలే ఏటి అవతలి నుంచి వచ్చారట.

"ఒకే అడవి, ఒకే ఈల" అని చిలుక, కొంగ, దున్న కలిసి తీర్మానించారు. వేరే గొంతు విప్పితే వెళ్లగొడతామన్నారు. తీతువు గుడ్లు ఇసుకలో ఉన్నాయి. వాటిని వదిలి ఎక్కడికి పోతుంది? నోరు మూసుకుంది.

పులి వచ్చింది. అన్ని వైపులా ఒకటే ఈల. ఎటు పోవాలో తెలియక దుప్పులు నేరుగా పులి ముందుకే పరుగెత్తాయి. ఒక కూన పోయింది. ఈల గట్టిగా వేయలేదని దున్న అందరినీ తిట్టింది.

ఆ కూన తల్లి దుప్పి తీతువు దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, నువ్వు పులిని చూశావా?"

"చూశానమ్మా. గుడ్లున్నాయి. భయపడ్డాను."

దుప్పి తిట్టలేదు. "నాకింకా ఒక కూన మిగిలింది" అంది.

మళ్లీ పులి ఇసుకలోకి దిగినప్పుడు తీతువు పైకి లేచింది. గొంతు చిరిగేలా అరిచింది. దున్న నోరు మూయమని రంకె వేసింది. తీతువు ఇంకా గట్టిగా అరిచింది. దుప్పులన్నీ కొండెక్కి బతికాయి.

సాయంత్రం దున్న తీతువును వెళ్లగొట్టడానికి వచ్చింది. గుడ్ల చుట్టూ దుప్పులు నిలబడి ఉన్నాయి. వాటి పక్కన కొండముచ్చు, నెమలి.

"మీరంతా అడవికి ద్రోహులా?" అంది దున్న.

తల్లి దుప్పి కదల్లేదు. "ద్రోహమో కాదో మా కూననే అడుగు, మావా. అది బతికే ఉంది."

నీతి: లోకం పేరు చెప్పినా, దేవుడి పేరు చెప్పినా, దేశం పేరు చెప్పినా, నీ గొంతు నొక్కేవాడికి తల వంచకు. నీ గొంతు మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడి ఉంటుంది.