ఎంగిలిపడని మాట

కొండమల్లి రాజావారికి ఉన్నట్టుండి ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. కలెక్టరు దొర విందుకొస్తున్నాడు. భోంచేశాక, "నేను బాగా తిన్నాను" అని దొర భాషలోనే చెప్పాలని ఆయన పంతం.

"ఐ ఈటెడ్ వెల్!" అన్నారు సభలో, మీసం దువ్వుకుంటూ.

"ఈటెడ్ కాదు ప్రభూ, ఏట్ అనాలి" అన్నాడు సోమయాజులు పంతులు. పాపం, నోరు ఊరుకోదు ఆయనకి.

"మా మాటకే తప్పు పడతావా? ఫో!" అని అప్పటికప్పుడు కొలువులోంచి తీసేశారు.

ఆ ఖాళీలో దుబాసీ భుజంగరావు దూరాడు. "తమరన్నదే ఇంగ్లీషు మహాప్రభో!" అంటూ పొద్దస్తమానం ఈటెడ్, ఈటెడ్ అని కోటంతా తిరగడమే అతగాడి పని.

తాంబూలం అందించే కూర్మన్నకి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ పంతులుగారంటే ప్రాణం. అమ్మ జబ్బుపడితే ఆదుకున్న మనిషాయన. ఆయనింట్లో పొయ్యి వెలగట్లేదని విన్నప్పట్నుంచీ వాడికి కడుపు రగిలిపోతోంది.

ఆ సాయంత్రం తాంబూలం చిలక రాజావారి చేతికిస్తూ, వాడు పెద్దగా నిట్టూర్చాడు.

"ఏమిట్రా, ఏమైంది?"

"ఏం చెప్పమంటారు ప్రభూ! తమరి ఈటెడ్ ఉందే, వంటశాలలో అదే, గుర్రపుశాలలో అదే. దుబాసీగారు అందరికీ పంచిపెట్టేశారు."

"మంచిదేగా?"

"తమరి తెల్లగొడుగు ఇంకొకడు పడితే ఊరుకుంటారా?"

రాజావారు చటుక్కున లేచి కూర్చున్నారు. "అవున్రోయ్! మరి మాకో మాట కావాలే!"

"పంతులుగారన్న ఆ ఏట్ ఉంది కదండీ. ఇక్కడెవరూ ఎంగిలి చెయ్యలేదు."

"భేష్! ఇకమీదట ఏట్ మాది. మా కొలువులో ఇంకెవడి నోట వినపడినా నాలుక కోయిస్తాం. మీకందరికీ ఈటెడ్!" అని కోటంతా చాటింపు వేయించారు.

విందు రోజు రానే వచ్చింది. రాజావారు బ్రేవుమని తేన్చి, "ఐ ఏట్ వెల్!" అన్నారు.

దొర లేచి చెయ్యి కలిపాడు. "చక్కని ఇంగ్లీషు! ఎవరు నేర్పారు?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

భుజంగరావు అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. "నేనే దొరా!"

"ఓహో! నువ్వూ బాగా తిన్నావా? ఇంగ్లీషులో చెప్పు."

భుజంగరావు నోరు తెరిచాడు. రాజావారు గుడ్లురిమారు. పాపం, ఏట్ అంటే నాలుక పోతుంది.

"ఐ... ఐ ఈటెడ్ వెల్."

దొర పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇతనా నేర్పింది? ముందు ఇతనికి ఎవరైనా నేర్పండి!"

రాజావారు గతుక్కుమన్నారు. కూర్మన్నని దగ్గరికి లాగి, "ఒరేయ్, ఆ ఏట్ దొరలందరూ వాడేదేనట్రా?" అన్నారు.

"వాడుకోనివ్వండి ప్రభూ. వాళ్ళు తమరి ఏలుబడిలో లేరుగా!"

వాడి ఎత్తు అర్థమై, రాజావారు పకపకా నవ్వేశారు. సభంతా గొల్లున నవ్వింది. మెడలో హారం తీసి ఇవ్వబోతే కూర్మన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకెందుకు ప్రభూ? పంతులుగారిని పిలిపించండి, చాలు."

"పంతులికి పల్లకీ పంపండ్రా!" అని కేకేసి, రాజావారు ఆ హారం కూర్మన్న మెడలోనే వేసేశారు.