ఇంటి దుబాసీ

పూర్ణబోధ స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ధర్మసందేహం అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఇది ఎవరి గురించి అడుగుతున్నావు?" అని ముందు తెలుసుకునేవారు. ఎవరి గురించీ కాదు, ఊరికే అడిగాను అన్నవాళ్ళను గ్రంథాలు చదువుకోమని పంపేసేవారు. ఎవరి గురించో చెప్పినవాళ్ళను మాత్రం దగ్గర కూర్చోబెట్టుకునేవారు.

సుదర్శనం ఆయన శిష్యుడు. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో చేరకముందు రాజమండ్రిలో మందుల దుకాణం నడిపేవాడు. ఒక ఉదయం పూజ ముగిశాక వచ్చి, "స్వామీ, బాధపెట్టే నిజాన్ని దాచడం దయ కాదా?" అని అడిగాడు.

"ఎవరి గురించి?"

సుదర్శనం తల వంచుకున్నాడు. "మా అమ్మ గురించి."

తల్లికి జబ్బు ముదిరింది. డాక్టర్లు పెదవి విరిచారు. తోబుట్టువులంతా కలిసి ఆ సంగతి ఆవిడకు చెప్పకూడదని తీర్మానించుకున్నారు. వెళ్ళి చూడాలని సుదర్శనానికి ప్రాణం కొట్టుకుపోతోంది. కాని ఆవిడ ముఖంలోకి చూస్తే ఆ మాట ఎక్కడ బయటపడుతుందోనని భయపడి ఆగిపోయాడు.

"పోయిన కార్తీకంలో ఒకామె వచ్చి మన వంటశాలలో కూరలు తరిగిపెట్టి వెళ్ళింది, గుర్తుందా? ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. వెళ్ళే రోజున నాతో ఒక సంగతి చెప్పింది. అది విను" అన్నారు స్వామి. ఆయన చెప్పింది ఇది.

ఆమె పేరు మంగతాయారు. భర్త గవర్రాజు పెళ్ళి వంటలవాడు. అమలాపురం చుట్టుపట్ల ఏ ఇంట గాడిపొయ్యి తవ్వినా, దాని ముందు గవర్రాజూ అతని అన్న భద్రరాజూ ఉండాల్సిందే. అన్న ఉప్పూ కారం చూస్తే తమ్ముడు మంట చూసేవాడు. అలాంటి గవర్రాజుకు ఎవరి ద్వారానో పోర్చుగల్ దేశంలో, పోర్టో అనే ఊళ్ళో, మన వంటలు వండే హోటల్లో పని దొరికింది. అదీ మాఘమాసం ముహూర్తాల ముందు.

"ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ నా నెత్తిన పడేసి పోతావా? పోతే మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు అన్న. గవర్రాజు వెళ్ళిపోయాడు. అన్నదమ్ముల మధ్య మాటలు అక్కడితో ఆగిపోయాయి.

కొన్నేళ్ళకు అతను భార్యనూ కూతురు లిఖితనూ కూడా పిలిపించుకున్నాడు. రాతి గోడల పాత మేడలో, పై అంతస్తులో రెండు గదులు. అక్కడ చలికాలమంతా వాన పడుతూనే ఉంటుంది. మన వానలా విరుచుకుపడి వెలిసేది కాదు, సన్నగా, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ఆగుతుందో తెలియకుండా పడే వాన. ఆరేసిన బట్టలు ఆరవు. పెట్టెలో పెట్టిన పట్టుచీరకు బూజు పట్టింది. తాయారు దాన్ని కిటికీ దగ్గర దులుపుతూ కూర్చుని, వచ్చి తప్పు చేశామా అని మొదటిసారి అనుకుంది. భర్తతో మాత్రం అనలేదు.

సొంత ఊళ్ళో తాయారు నోరున్న మనిషి. చేపలామెతో బేరం మొదలుపెడితే వీధంతా వినేది. ఇక్కడ ఆమెకు నోరు పడిపోయినట్టయింది. కొట్లో ఏది కావాలన్నా వేలితో చూపించాలి. ఎవరైనా పలకరిస్తే నవ్వాలి. నవ్వి నవ్వి ఇంటికొచ్చేసరికి దవడలు నొప్పి పుట్టేవి. గవర్రాజుకు వంటింట్లో పనికొచ్చే మాటలు కొన్ని వచ్చు, అవీ తోటివాళ్ళతో హిందీ కలిపి మాట్లాడేవాడు. గడప దాటితే అతనూ మూగవాడే.

లిఖిత అలా కాదు. బడిలో చేరిన ఏడాదికే ఆ భాష ఆ పిల్ల నోట్లో గలగలలాడింది. బస్సులో, కొట్లో, బడి పంతులమ్మ దగ్గర, గదులు అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గర, ఎక్కడైనా అమ్మానాన్నల మాట అవతలికీ, అవతలి మాట ఇవతలికీ మోసే దుబాసీ ఆ పిల్లే. తల్లిదండ్రులిద్దరూ పక్కన నిలబడి, చిన్నపిల్లల్లా దాని నోటివంక చూసేవాళ్ళు. తాయారుకు మొదట్లో గర్వంగా ఉండేది. తరవాత్తరవాత కొంచెం భయం వేసేది. తన కడుపున పుట్టిన పిల్ల ఫోనులో స్నేహితురాలితో పగలబడి నవ్వుతుంటే, ఎందుకు నవ్విందో తనకు తెలియదు.

ఒకసారి ఇంటావిడ మెట్లెక్కి వచ్చి, చేతులు తిప్పుతూ, ముక్కు మూసుకుంటూ చాలాసేపు మాట్లాడింది. వంటింటి వంక వేలు చూపించింది. ఆమె వెళ్ళాక తాయారు "ఏమంటోందే?" అని అడిగింది.

"మన వంట వాసన బాగుంటుందటమ్మా. కాకపోతే పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరుచుకోమంటోంది" అంది లిఖిత.

వాసన బాగుందని ముక్కు మూసుకునేవాళ్ళు ఏ దేశంలోనూ ఉండరని తాయారుకు తెలుసు. పిల్ల తమ మనసు నొచ్చుకోకుండా మాటలు ఏరి, ముల్లు తీసి ఇస్తోందని అప్పుడే అర్థమైంది. అడిగేస్తే అది చిన్నబుచ్చుకుంటుంది. "అలాగేలే" అని ఊరుకుంది. ముద్దొచ్చి ఆ పూట దానికి ఇష్టమైన బెల్లం అట్లు పోసిపెట్టింది.

లిఖితకు పదమూడో ఏడు నడుస్తుండగా గవర్రాజు చిక్కిపోవడం మొదలైంది. చొక్కాలు వేలాడాయి. కళ్ళు పచ్చబడ్డాయి. నిండు గుండిగ ఒంటిచేత్తో దించే మనిషి అన్నం గిన్నె దించడానికి మసిగుడ్డ పట్టుకుని కాసేపు ఆలోచించేవాడు. "ఇక్కడి నీళ్ళు పడలేదు, అంతే" అనేవాడు. చివరికి ఆస్పత్రికి వెళ్ళక తప్పలేదు.

పరీక్షలన్నీ అయ్యాక నెరిసిన జుట్టు డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. భాష తెలిసిన పెద్దవాళ్ళు ఎవరూ రాలేదా అని అడిగింది. ఎవరూ లేరు. హిందీలో చెప్పే మనిషిని ఫోనులో కలుపుతామన్నారు. "అక్కర్లేదు, నేను చెప్తాను" అంది లిఖిత. డాక్టరమ్మ సందేహించింది. తరవాత నెమ్మదిగా, ఒక్కో మాటా ఆపి ఆపి చెప్పింది. లిఖిత ఒళ్ళో చేతులు పెట్టుకుని వింది. మధ్యలో ఒకసారి ఏదో అడిగింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, లేచి వచ్చి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి అక్కడే ఉంచేసింది.

లిఖిత తల్లిదండ్రుల వైపు తిరిగింది. "లివర్‌కి వాపు వచ్చిందట నాన్నా. మందులు వాడితే మెల్లగా తగ్గుతుందట. చల్లగాలి తగలకూడదట. నూనె తగ్గించాలట."

"నేను చెప్పలేదూ?" అని గవర్రాజు భార్య వంక చూసి నవ్వాడు. "వంటవాడికే నూనె మానమంటున్నారు, చూడు."

తాయారు కూతుర్నీ భర్తనూ చూడలేదు. ఆ చేతినే చూసింది. వాపు తగ్గుతుందని చెప్పే డాక్టరు పిల్ల భుజం మీద అంతసేపు చెయ్యి ఉంచదు. ఇప్పుడు గట్టిగా అడిగితే, కన్నతండ్రి ఎదురుగా ఆ మాట ఈ పిల్లే పలకాలి. దీని నోట ఆ మాట పలికించలేననుకుంది. "సరేనమ్మా, అలాగే చేద్దాం" అంది.

అప్పటినుంచి ఆ రెండు గదుల్లో ఒక వింత సంసారం నడిచింది. లిఖిత తండ్రితో ఆస్పత్రికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ "పోయినసారి కంటే నయమట" అనేది. తాయారు "దేవుడి దయ" అనేది. గవర్రాజు "అవును, నాకూ అలాగే ఉంది" అనేవాడు. బడినుంచి రాగానే వీధిలోకి పరుగెత్తే పిల్ల ఆటలు మానేసి తండ్రి మంచం దగ్గరే చదువుకునేది. తాయారు నూనె లేని కూరలు వండి, తినకపోతే మాట మార్చి, కంచం తీసేసేది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేది.

వాన కాస్త తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం గవర్రాజు కిటికీ దగ్గర కూర్చుని, "వేసవిలో ఊరెళ్దాం తాయారూ" అన్నాడు. "అన్నయ్యతో మాట్లాడాలి. ఫోనులో బాగుండదు. ఎదురుగా కూర్చుని, తిడితే తిట్టించుకుని, ఆయన చేత్తో వండిన చారన్నం ఇంత తిని రావాలి."

ఇప్పుడే వెళ్దామండీ, ఈ వారమే వెళ్దాం. ఆ మాట తాయారు గొంతుదాకా వచ్చింది. ఇప్పుడే ఎందుకంటే ఏం చెప్పాలి? పక్కన పుస్తకం పట్టుకున్న లిఖిత తలెత్తకుండా పేజీ తిప్పడం మరిచిపోయి ఉంది.

"అలాగే లెండి. వేసవిలో వెళ్దాం" అంది.

వేసవి ఇంకా దూరంగా ఉండగానే గవర్రాజు పోయాడు. పోయే ముందు రెండు రోజులు మాట లేదు. ముగ్గురూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు గాని, అనుకోవాల్సినవి అనుకోలేదు. దహనం అక్కడే అయింది.

నాలుగైదు రోజులకు డంబర్ అనే నేపాలీ వచ్చాడు. హోటల్లో గవర్రాజు పక్కన పనిచేసేవాడు, ఆ దేశంలో చాలాకాలంగా ఉన్నవాడు. తాయారుకు హిందీ రాదు గనక అక్కడి భాషలోనే లిఖితతో మాట్లాడాడు. కళ్ళు తుడుచుకుంటూ ఏదో చెప్పాడు. తాయారు అలవాటుగా కూతురి నోటివంక చూసింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఏమంటున్నాడే?"

"నాన్న చాలా మంచివాడని..." అని మొదలుపెట్టి లిఖిత ఆగిపోయింది. తరవాత పాఠం అప్పజెప్పినట్టు, ఎటూ చూడకుండా, ఉన్నదున్నట్టు చెప్పింది. "నాన్నకి తెలుసట. మనం వెళ్ళొచ్చిన మర్నాడే ఈయన్ని వెంటబెట్టుకుని మళ్ళీ ఆ డాక్టర్ దగ్గరికే వెళ్ళి అంతా కనుక్కున్నాడట. ‘మా ఇంట్లో అనకు. పిల్ల అంత కష్టపడి దాచింది, దాని కష్టం వృథా పోకూడదు’ అన్నాడట."

గుండె పగిలినట్టు ఏడ్చింది పిల్ల. డంబర్ ఏం చెయ్యాలో తెలియక లేచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తాయారు కూతుర్ని పొదివి పట్టుకుంది. ఊరట కలుగుతుందనుకుని, ఇన్నాళ్ళూ బిగబట్టిన మాట చెప్పేసింది. "ఏడవకమ్మా. నువ్వు దాచావని బాధపడకు. నాకూ తెలుసు. ఆ రోజు ఆస్పత్రిలోనే తెలిసిపోయింది."

ఏడుపు ఠక్కున ఆగింది. లిఖిత తల్లి చేతులు విడిపించుకుని వెనక్కి జరిగి, ఆమెను ఎన్నడూ చూడనట్టు చూసింది.

"నీకూ తెలుసు, నాన్నకీ తెలుసు. మరి నేను ఎవరి దగ్గర దాచానమ్మా?"



వాళ్ళు ఆ దేశంలోనే ఉండిపోయారు. పిల్ల చదువు అక్కడ, బతుకు అక్కడ. భర్త పనిచేసిన హోటల్లోనే తాయారుకు కూరలు తరిగే పని ఇచ్చారు. లిఖిత తల్లికి మాటసాయం మానలేదు. అడిగిందల్లా చెప్పేది, ఒక్క మాట తగ్గించకుండా, ఒక్క మాట కలపకుండా. ఎవరైనా విసుక్కుంటే ఆ విసుగు కూడా యథాతథంగా అప్పజెప్పేది. తన మనసులోది మాత్రం ఒక్క మాట చెప్పేది కాదు. చివరికి తాయారే ఆదివారాలు అక్కడి చర్చి హాల్లో పెద్దవాళ్ళకు చెప్పే పాఠాలకు వెళ్ళి, తప్పో ఒప్పో, ఆ భాష కూడబలుక్కుంది.

పోయిన కార్తీకంలో చితాభస్మం గోదావరిలో కలపడానికి ఆమె ఒక్కతే వచ్చింది. కూతుర్ని రమ్మంటే, "ఉన్నప్పుడే నాన్నతో ఏమీ చెప్పలేదు, నీళ్ళకి ఏం చెప్పను?" అందట. రేవుకు భద్రరాజు వచ్చాడు. ముసలివాడైపోయాడు. తమ్ముడి బూడిద నీళ్ళలో కలుస్తుంటే చూసి, మెట్టు మీద కూలబడి, "ఆ మధ్య పై దేశం నంబరు నుంచి రెండు మూడుసార్లు ఫోను మోగిందమ్మా" అన్నాడు. "ఎత్తేలోగా ఆగిపోయేది. వాడేనని తెలుసు. తనే మాట్లాడతాడులే అని, నేను తిరిగి చెయ్యలేదు."

స్వామి అక్కడితో ఆపారు.

సుదర్శనం కండువా అంచు వేళ్ళతో నలిపాడు. ఏదో ఒకటి అనాలి గనక, "పాపం స్వామీ! భాష తెలియని దేశంలో ఎంత అవస్థ పడ్డారో!" అన్నాడు.

స్వామి లేచి నిలబడ్డారు.

"ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుగు వచ్చు, సుదర్శనం."