శనివారం ఆట, సోమవారం ఆట

"మాస్టారూ, బుట్ట అక్కడా పదడుగుల ఎత్తే, ఇక్కడా పదడుగుల ఎత్తే. అక్కడ పారిన ఎత్తు ఇక్కడెందుకు పారడం లేదు?"

పరదేశి మాస్టారిని హైమవతి ఈ మాట అడిగింది విశాఖపట్నంలో, ఆయన శిక్షణ ఇచ్చే మహిళా కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు గట్టు మీద. ఆమె ఒకప్పుడు అదే కోర్టులో ఆయన దగ్గర ఆట నేర్చుకుంది. ఇప్పుడు అక్కడే ఆయనకు సహాయకురాలు. మాస్టారు ఏడాది పొడుగునా ఈ అమ్మాయిలకు కోచ్‌గా ఉంటూనే, లీగు జరిగే మూడు నెలలూ ఊళ్ళోని ఒక క్లబ్బు జట్టును కూడా నడిపేవారు. ఆ జట్టులో ఆడేవాళ్ళు ఆటే వృత్తిగా బతికేవాళ్ళు. ఏ రాష్ట్రం నుంచో ఒప్పందం మీద వచ్చి, లీగు కాగానే వెళ్ళిపోయేవాళ్ళు.

హైమవతి రెండేళ్ళుగా క్లబ్బు ఆటలన్నీ చూసి, మాస్టారు వేసిన ఎత్తులను ఒక్కటీ వదలకుండా నోటు పుస్తకంలో బొమ్మలు గీసుకుంది. ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని నెల్లాళ్ళు కాలేజీ పిల్లలను కూర్చోబెట్టి బట్టీ పట్టించింది. ఫలితంగా ఆ పిల్లలు బంతి చేతికి వచ్చినప్పుడల్లా బుట్ట వైపు చూడడం మానేసి బెంచీ వైపు చూడడం నేర్చుకున్నారు. కాలేజీల టోర్నమెంటులో సెమీ ఫైనల్‌కు చేరారు గానీ, చివరి రెండు ఆటలూ వరసగా ఓడారు. అవీ తమకంటే తక్కువ జట్ల చేతిలో.

అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడే జవాబు చెప్పడం మాస్టారికి అలవాటు లేదు. ఆయన కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకుని, "శనివారం క్లబ్బు ఆటకు వచ్చి నా పక్కన కూర్చో. సోమవారం మన పిల్లల సెమీ ఫైనల్ ఉంది కదా, అప్పుడూ నా పక్కనే కూర్చో," అన్నారు.

శనివారం ఆట చివరిదాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. ఇంకా నలభై సెకన్లుండగా బంతి గీత దాటి బయటికి పోయి ఆట ఆగింది. క్లబ్బు ఒక్క పాయింటు ముందుంది, బంతి కూడా వాళ్ళదే. అయితే అవతలి జట్టు ఫౌళ్ళు అప్పటికే హద్దు దాటాయి. ఇక వాళ్ళు ఎవరిని పట్టుకున్నా ఇవతలివాళ్ళకు రెండు ఫ్రీ త్రోలు వస్తాయి. అందుకని గురి లేనివాడెవడో చూసుకుని వాణ్ణే పట్టుకుంటారు, అతను తప్పిస్తే బంతి లాక్కుంటారు. క్లబ్బులో అలాంటివాడు దిల్‌బాగ్. ఆరున్నర అడుగుల పంజాబీ మనిషి. ఆ రోజు జట్టు పాయింట్లలో మూడో వంతు అతనివే. కానీ ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడితే అతని చెయ్యి అతని మాట వినదు.

మాస్టారు లేచి ఒక్క వేలు చూపించారు. దిల్‌బాగ్ మారు మాట్లాడకుండా వచ్చి తువ్వాలు మెడలో వేసుకుని కూర్చున్నాడు. అతని బదులు గురికాడు సోమసుందరం దిగాడు. అవతలివాళ్ళు వేరే దారిలేక అతన్నే పట్టుకున్నారు. రెండూ వేశాడు. రెండోది పడీపడగానే మాస్టారు దిల్‌బాగ్‌ను మళ్ళీ లోపలికి పంపుతూ, "వాళ్ళ ఏడో నంబరువాణ్ణి ఎడమకు తోలండి. వాడికి ఎడమ చెయ్యి ఆడదు," అన్నారు. ఆయన అన్నది ఆ ఒక్క మాటే. ఏడో నంబరు ఎడమకు పోయాడు, తడబడి విసిరాడు, రింగుకు తగిలి లేచిన బంతిని దిల్‌బాగ్ గాలిలోనే అందుకున్నాడు. ఆట గెలిచారు.

హైమవతికి ఒళ్ళు పులకరించింది. ఎవరిని ఎప్పుడు దాచాలో, ఎవరి లోపాన్ని ఎప్పుడు తట్టాలో ఇంత తేటగా తెలిసిన మనిషిని ఆమె ఇంకొకరిని చూడలేదు. నలభై సెకన్ల కథను ఆ రాత్రే పుస్తకంలోకి ఎక్కించుకుంది.

సోమవారం సెమీ ఫైనల్లో దైవం తలచినట్టు అదే ఘట్టం ఎదురైంది. అర నిమిషం మిగిలి ఉండగా ఆట ఆగింది, ఒక్క పాయింటు ఆధిక్యం, బంతి తమదే, అవతలి జట్టు ఫౌళ్ళు హద్దు దాటాయి. గురి లేని మనిషి కూడా కోర్టులోనే ఉంది. ఆమె పేరు పైడితల్లి, రెండో ఏడాది చదువుతోంది. భీమిలి దగ్గర చేపల రేవు నుంచి వచ్చిన పిల్ల. రింగు కింద పడిన ప్రతి బంతీ ఆమెదే గానీ, ఫ్రీ త్రోలు మాత్రం పదికి రెండు కూడా పడవు.

హైమవతి ఆలస్యం చేయలేదు. జట్టులోకెల్లా గురి ఉన్న నజీమా కోర్టులోనే ఉంది కాబట్టి, పైడిని తీసేసి ఇంకో మంచి గురి ఉన్న అమ్మాయిని పంపడానికి లేచి నిలబడింది. మాస్టారు ఆమె మోచేతి మీద చెయ్యి వేశారు.

"కూర్చో."

"మాస్టారూ, పైడినే పట్టుకుంటారు!"

"పట్టుకోనీ."

పైడినే పట్టుకున్నారు. మొదటిది రింగు దాకా చేరలేదు. రెండోది పలకకు కొట్టుకుని పక్కకు పోయింది. అవతలివాళ్ళు బంతి అందుకుని పరుగున వెళ్ళి వేసేశారు. ఇప్పుడు ఒక్క పాయింటు వెనక. పద్దెనిమిది సెకన్లున్నాయి. హైమవతి టైమవుట్ అడిగి, పుస్తకం తెరిచి పట్టుకుంది. మాస్టారు దాని వైపు చూడలేదు.

నజీమా ముఖం కందగడ్డలా ఉంది. ఆమెది ఆఖరి ఏడాది. "మాస్టారూ, ఇది నా చివరి టోర్నమెంటు," అంది.

"తెలుసమ్మా," అన్నారు ఆయన మెల్లగా. తర్వాత తల వంచుకుని నిలబడ్డ పిల్ల వైపు తిరిగారు. "పైడీ, లోపల ఏం చూశావో చెప్పు."

పైడి చెమటో కన్నీళ్ళో, భుజంతో తుడుచుకుంది. "ఆల పొడుగు పిల్ల నా మీదికి రావట్లేదండి. నాను ఏస్తే తప్పిపోద్దని వొదిలేసి, నజీమక్క మీదికి పోతంది."

"అయితే?"

"అయితే... నాను ముందుకొచ్చి గీత కాడ నిలబడతానండి. బంతి నాకిచ్చెయ్యండి. ఆ పిల్ల ఎటూ రాదు. అక్క ఎనకనించి రింగు కిందికి దూరిపోతే నాను అందిస్తాను."

మిగతా నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నెల రోజుల్లో మొదటిసారి వాళ్ళెవరూ బెంచీ వైపు చూడలేదు. "నేను ఇటువైపు ఒకర్ని లాక్కుపోతాను," అంది ఒకతె. నజీమా పెదవి కొరుక్కుని, "బంతి కిందికి కొట్టి ఇవ్వు. పైనించి వద్దు," అంది పైడితో. మాస్టారు చేతులు కట్టుకుని విన్నారంతే.

పైడి చెప్పినట్టే జరిగింది. ఆమె మీదికి ఎవరూ రాలేదు. నజీమా నీడలా జారి రింగు కింద తేలింది. బంతి నేలకు ఒక్కసారి తాకి సరిగ్గా ఆమె చేతుల్లోకి వెళ్ళింది. అడ్డం ఎవరూ లేరు. నజీమా ఎగిరి వదిలింది. బంతి రింగు చుట్టూ ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు సగంలో ఆగి, బయటికి జారిపోయింది. విజిల్ మోగింది.

ఓడిపోయారు. బస్సులో నజీమా కిటికీకి తల ఆనించి ఏడుస్తూనే ఉంది. కాలేజీ గేటు దగ్గర ప్రిన్సిపాల్ గారు మాస్టారిని పక్కకు పిలిచి, పైడిని ఎందుకు తీసెయ్యలేదని కొంచెం గట్టిగానే అడిగారు. "నాదే బాధ్యతండి," అన్నారు మాస్టారు. హైమవతికి ఆయన మీద కోపం వచ్చింది. గురువు మీద కోపం వచ్చినందుకు సిగ్గూ వేసింది.

మర్నాడు ప్రాక్టీసు లేదు. పరీక్షల కోసం సెలవిచ్చేశారు. బంతులు లెక్క చూసి గదికి తాళం వేద్దామని హైమవతి కోర్టుకు వెళ్ళేసరికి అక్కడ బంతి చప్పుడు వినిపించింది. ఫ్రీ త్రో గీత మీద పైడితల్లి నిలబడి ఉంది. రింగు కింద నిలబడి, పడిన బంతినీ పడని బంతినీ ఏరి ఆమెకు తిరిగి విసురుతున్నది నజీమా. ఆమె కళ్ళు ఇంకా వాచే ఉన్నాయి.

"మోచెయ్యి బయటికి పోతోంది చూడు. లోపలికి. ఊఁ, ఊపిరి వదిలెయ్యి, అప్పుడు వెయ్యి."

"అక్కా, మీకు పరీక్షలు కదా."

"నా సంగతి నేను చూసుకుంటాలే. వచ్చే ఏడు ఈ గీత మీద నిలబడేది నువ్వు. వెయ్యి."

గోడ పక్కన పరదేశి మాస్టారు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో! గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. హైమవతి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. పైడి వేసిన బంతి రింగుకు తగలకుండా నేరుగా వలలోంచి జారింది. తర్వాతది తప్పింది. ఆ తర్వాతది మళ్ళీ పడింది.

హైమవతి మనసులో మిగిలిన చివరి ముల్లును బయటపెట్టింది.

"అయినా మాస్టారూ, శనివారం ఆట గెలిచారు. సోమవారం ఆట ఓడిపోయారు."

మాస్టారు కోర్టు మీదనుంచి చూపు తిప్పలేదు.

"సోమవారం ఆట అయిపోయిందని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు.