దాలి దగ్గర కాపలా

నరసావధానులు గారిని ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ఈ సంగతి తెలిసి కూడా శిష్యుడు పేర్రాజు అడగడం మానలేదు. ఆ ఏడు పేర్రాజు ఆయనింట్లోనే ఉంటూ, ఇద్దరూ కలిసి నిఘంటువు రాస్తున్నారు. రాసి రాసి 'క' దగ్గరకు వచ్చేసరికి పని ఆగిపోయింది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు వంట చేసిన అచ్చియ్యమ్మ నాకు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను.

"గురువుగారూ, పాలు కాచడం అంటాం, బిడ్డను కాచుకోవడం అంటాం. ఈ రెండూ ఒక మాటేనా, వేరువేరా? ఒకటి కాగడంలోంచి వచ్చిందనీ, రెండోది కాపుదలలోంచి వచ్చిందనీ విడదీసి చెబుతారు. నాకెందుకో రెండూ ఒకటే అనిపిస్తోంది. పదకొండు కాగితాలు రాశాను. తేలలేదు."

ఈ మాట అడుగుతున్నప్పుడు పేర్రాజు భుజం మీద కూతురు మంగతాయి ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల, తల్లి లేదు. వేసవి మొదట్లో మూడు వారాల జ్వరం వచ్చి లేచింది. జ్వరం పోయి రెండు నెలలైంది. పిల్ల కాళ్లలో సత్తువ ఉంది, నడవనివ్వండి, వానలు పట్టేలోగా నడవకపోతే ఆ కాళ్లు బిగుసుకుపోతాయి అని వైద్యుడు ఖండితంగా చెప్పి వెళ్లాడు. అయినా పిల్ల నేల మీద పాదం మోపితే చాలు, పేర్రాజు వచ్చి ఎత్తుకునేవాడు. అప్పటికే తూర్పున మబ్బులు కడుతున్నాయి.

"అది నడిచి ఎన్నాళ్లయింది?" అన్నారు అవధానులు గారు.

"ఇంకా నీరసంగానే ఉందండీ. కంటికి రెప్పలా కాచుకుంటున్నాను."

"ఆ పిల్లకు కాళ్లున్నాయన్న సంగతే మేం మరిచిపోయాం బాబూ" అంది అచ్చియ్యమ్మ, వంటింట్లోంచి.

అవధానులు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. విసుగొస్తే ఆయన చేసే పని అదే. ఆ వారంలో కళ్లజోడు చాలాసార్లు తుడిచారట. "రేపు దాలి నువ్వు చూడు" అన్నారు.

దాలి అంటే పెరట్లో చిన్న గుంట. అందులో పిడకలు రాజేసి, పైన ఊక పోసి, పొద్దున్నే పాలకుండ దింపి మూత పెడతారు. మంట పైకి కనపడకూడదు, పిడక చల్లారకూడదు. సాయంత్రానికి పాలు లేత ఎరుపు తిరిగి వేలిమందం మీగడ కడతాయి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, పొద్దస్తమానం నిప్పు మీద ఉన్న పాలు పొంగకుండా ఎలా ఉంటాయని. తోడేస్తే ఆ పెరుగు ఇంటిల్లిపాదికీ చాలేది. మంగతాయి ఆ పెరుగన్నం తప్ప ఇంకేదీ నోట పెట్టేది కాదు.

పేర్రాజు పిల్లను ఒళ్లో పెట్టుకుని దాలి ముందు కూర్చున్నాడు. కాసేపటికి మూత తీసి చూశాడు. పాలు తెల్లగానే ఉన్నాయి. మళ్లీ తీశాడు. పిడకలు ఆరిపోయాయేమోనని నివురు ఊదాడు, ఇంకో రెండు పిడకలు పెట్టాడు, విసనకర్ర తెచ్చాడు. మధ్యాహ్నానికల్లా పాలు పొంగి సగం దాలిలో పోయాయి, మిగతా సగం అడుగంటింది. వీధి చివరిదాకా మాడు వాసన.

"చంటిదాన్ని చూసినట్టు చూశాను" అన్నాడు.

"అదే మేమూ చూశాం" అంది అచ్చియ్యమ్మ. "ముప్పై ఏళ్లలో ఈ ఇంట పాలు తోడెయ్యని రోజు ఇదే. పాలు కాగుతుంటే నువ్వు ఊరుకోవయ్యా, ఊరుకోవు. నీ చేతులకు పనిలేకపోతే నాకు పప్పు రుబ్బిపెట్టు."

మర్నాడు పెరుగు లేక అందరూ చారుతోనే లేచారు. మంగతాయి నాలుగు మెతుకులు తిని పడుకుంది. పేర్రాజు పన్నెండో కాగితం రాశాడు.

ఆ మర్నాడు అవధానులు గారే వచ్చి దాలి పక్కన పీట వేసుకున్నారు. పిల్లను సావిట్లో చాప మీద కూర్చోబెట్టమన్నారు. పేర్రాజును రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకోమన్నారు.

"ఎంతసేపండీ?"

"కాగేదాకా."

పొద్దు నడినెత్తికొచ్చింది. కుండ మూత అంచున సన్నటి ఆవిరి తప్ప ఏమీ లేదు. పేర్రాజు వేళ్లు మోకాళ్ల మీద కదులుతూనే ఉన్నాయి. అంతలో లోపలినుంచి వినపడింది.

"నాన్నా, దాహం."

"గురువుగారూ, పిల్ల పిలుస్తోంది."

"విన్నాను."

"దాహమంటోంది."

"నీళ్లకుండ పెరటి గుమ్మం పక్కనే ఉంది. దాని మీదే గ్లాసుంది."

పెరట్లోనే పప్పు ఏరుతున్న అచ్చియ్యమ్మ లేవబోయింది. అవధానులు గారు చెయ్యి అడ్డం పెట్టారు. పిల్ల ఇంకో రెండుసార్లు పిలిచింది, రెండోసారి కోపంగా పిలిచింది. తరవాత పిలవలేదు. చాప చప్పుడైంది. గోడను చెయ్యి రాసుకుంటున్న చప్పుడు, ఆగి, మళ్లీ చప్పుడు.

గుమ్మంలో మంగతాయి కనపడింది. ఒక చెయ్యి గోడ మీద, కాళ్లు అప్పుడే పుట్టిన దూడ కాళ్లలా వణుకుతున్నాయి. గోడ వదిలి నీళ్లకుండ వైపు ఒక్క అడుగు వేసి తూలింది. మోకాళ్ల మీద పడింది. గడప పట్టుకుని, తండ్రి వంక చూసి, మళ్లీ లేవడానికి ఒక పాదం కూడదీసుకుంది.

పేర్రాజు చేతులు మోకాళ్ల మీదనుంచి పిల్ల వైపు లేచాయి.

అవధానులు గారు దాలి మీదనుంచి చూపు తిప్పలేదు.

"మూత తియ్యకు, పేర్రాజూ" అన్నారు.