దారపు కొస

కొండమేడు జమీందారుకు పాత కుట్టుమిషన్ల పిచ్చి. "పాతవన్నీ దివాణానివి, కొత్తవే మీవి" అని చాటింపు వేయించి, ఇల్లిల్లూ తిరిగి ఎత్తుకుపోతున్నాడు. బట్టలు కుట్టే ఖాసింబీ గుమ్మంలోకి వచ్చేసరికి అతని ఒంటిమీద ఆమె కుట్టిచ్చిన కొత్త పైజామాయే ఉంది.

"మా అత్త నాటి మిషన్ దొరా, నా కూడు ఇదే," అంది ఖాసింబీ.

"పాతదేగా! ఎత్తండ్రా," అన్నాడు నౌకర్లతో.

"అలాగే దొరా. చాటింపు ప్రకారం మీ పైజామాలో కొత్త దారం నాది," అంటూ ఆమె అతని కాలి దగ్గర దారపు కొస పట్టుకుంది. "ఈ మిషన్‌ది ఒంటిదారం గొలుసు కుట్టు. కొస లాగితే నడుం దాకా ఊడొస్తుంది."

కొంచెం లాగింది. మోకాలి దాకా జర్రున ఊడింది.

జమీందారు రెండు చేతులా నడుం పట్టుకున్నాడు. మిషన్ దించమని నౌకర్లకు గడ్డంతోనే సైగ చేశాడు.