గెన్సాకు కత్తి

జపాన్‌లో ఒక చిన్న రేవు పట్నం. అక్కడ గెన్సాకు అనే ముసలి వంటవాడు పచ్చి చేపను పల్చటి ముక్కలుగా కోసి వడ్డించేవాడు. ఆయన దగ్గర తోకిచి అనే యువకుడు పని నేర్చుకునేవాడు.

ఎంత సాధన చేసినా తోకిచి కోసిన ముక్కల అంచులు చిరిగినట్టు వచ్చేవి.

"నా కత్తి మంచిది కాదు గురువుగారూ," అన్నాడు ఒకరోజు. "మీ కత్తిలాంటిది ఉంటే నేనూ మీలాగే కోస్తాను."

గెన్సాకు తన కత్తి తీసి అతని చేతిలో పెట్టాడు. పడుచుతనం నుంచీ ఆయన దాన్నే వాడుతున్నాడు. సాన పట్టీ పట్టీ వెడల్పు సగానికి అరిగిపోయింది.

"దీనికి తడి పడదు. పని కాగానే కడిగి, పొడిగా తుడిచి, కాస్త నూనె రాసి ఒరలో పెట్టు," అన్నాడు.

అప్పట్నుంచి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దానితోనే కోసేవారు. ఆ కత్తితో పిడి దగ్గర్నుంచి మొన దాకా ఒక్కసారి లాగితే చాలు, ముక్క నున్నగా తెగేది. తోకిచి పేరు పట్నంలో వినబడసాగింది. పండగ ముందు సాయంత్రం కొందరు వర్తకులు అతని పనితనాన్ని తెగ మెచ్చుకుని, తమతో కలిసి తాగడానికి రమ్మన్నారు. తోకిచి కత్తిని నీళ్లలో ముంచి తీసి, అలాగే ఒరలో దోపి, వాళ్ల వెంట వెళ్లాడు.

పండగ సెలవులయ్యాక ఒర తీసి చూస్తే, మొన దగ్గర తుప్పు లోతుగా తినేసి ఉంది.

దాన్ని తెచ్చి గురువు ముందు పెట్టాడు. గెన్సాకు తిట్టలేదు. సానరాయి తడిపి, దాని ముందు కూర్చుని మెల్లగా రుద్దాడు. తుప్పు పోయింది. అరిగి అరిగి ఉన్న మొన కూడా పుటుక్కున విరిగింది.

విరిగిన ముక్కను ఆయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత "పద," అంటూ లేచి శిష్యుణ్ణి కత్తుల కొట్టుకి తీసుకెళ్లాడు.

తోకిచి కళ్లు అద్దంలా మెరుస్తున్న ఒక పొడవాటి కత్తి మీద పడ్డాయి.

"చెయ్యి చాచి పట్టుకో," అన్నాడు గెన్సాకు.

కాసేపటికే మణికట్టు వంగిపోయింది. గెన్సాకు వేరే కత్తులు ఒక్కొక్కటే అందించాడు. చివరికి మెరుపు లేని, కాస్త పొట్టి కత్తి ఒకటి చేతిలో కదలకుండా నిలిచింది. గెన్సాకు అదే కొనిచ్చాడు.

"మరి మీకో?" అని అడిగాడు తోకిచి.

"కొత్త కత్తికి చెయ్యి అలవాటు కావాలంటే ఏళ్లు పడుతుంది. నా దగ్గర అన్నేళ్లు లేవు."

ఆనాటి నుంచి గెన్సాకు చేప కొయ్యలేదు. ఆయన చేతి ముక్క కోసం దూరం నుంచి వచ్చినవాళ్లు ఆయన్ని బల్లకి ఇవతల, తమ పక్కనే కూర్చుని ఉండగా చూసి, తోకిచి వైపు తిరిగి చూసేవారు. ఆ చూపులన్నీ తోకిచి తలవంచుకుని భరించేవాడు.

చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం, జనం లేని వేళ, తోకిచి ఒక చేప కోసి పళ్లెం గురువు ముందు పెట్టాడు. గెన్సాకు ఒక ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు.

"బాగా తెగింది," అన్నాడు.

తోకిచికి దుఃఖం ఆగలేదు. "గురువుగారూ, ఆ రోజు నేను..."

గెన్సాకు అతని వెనక ఉన్న కోత పలక వైపు చూశాడు.

"తర్వాత ఏడుద్దువుగాని. కత్తి తడిగా ఉంది."